‘మా కుక్క ఏమీ చేయదండీ’ అనవలసిన అవసరం రాకుండా కుక్కను వీధిలో నడిపించడం ఎలా?

కుక్కను పెంచుకునేవారు నన్ను అడిగే ప్రశ్నలు మాటల్లో వేరుగా ఉన్నా వాటి సారం ఒకటే. బయటికి తీసుకెళ్తే అది నన్నే ఈడ్చుకుపోతోందని ఒకరు, అపార్ట్‌మెంట్‌లో లిఫ్ట్ ఎక్కనివ్వడం లేదని ఇంకొకరు, వీధికుక్కలు చుట్టుముడితే ఏం చేయాలని మరొకరు, ఎవరినైనా కరిస్తే కేసవుతుందా అని వేరొకరు అడుగుతూనే ఉన్నారు. అందుకే ఇంట్లో సన్నాహం మొదలుకొని నడక ముగించి తిరిగి గుమ్మం తొక్కేదాకా చేయవలసిన పనులను వరుసగా ఇక్కడ రాస్తున్నాను.

ఎదుటివారు మన కుక్కను చూసి జంకి ఆగిపోతే మనం వెంటనే ‘మా కుక్క ఏమీ చేయదండీ’ అంటాం. అది మనకు తెలిసిన నిజమే కావచ్చు గాని, దాన్ని నమ్మవలసిన బాధ్యత ఎదుటి మనిషిది కాదు. ఆయనకు కనబడేది ముప్ఫై కిలోల లాబ్రడార్, తెరిచి ఉన్న దాని నోరు, మన చేతిలో వదులుగా వేలాడుతున్న పట్టీ. 2023 జనవరిలో హైదరాబాద్ బంజారాహిల్స్‌లోని ఒక అపార్ట్‌మెంట్‌కు ఆహారం అందించడానికి వచ్చిన యువకుడు, ఆ ఇంటి పెంపుడు కుక్క మీదికి ఉరకడంతో తప్పించుకోబోయి మూడో అంతస్తు నుంచి పడి ప్రాణాలు కోల్పోయాడు. భయపడిన మనిషి ఏం చేస్తాడో మనం ముందుగా ఊహించలేం. కాబట్టి ఆ భయం కలగకుండా చూడవలసింది మనమే.

చట్టం సంగతి క్లుప్తంగా చెబుతాను. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలోని 291వ సెక్షన్ ప్రకారం, తన దగ్గరున్న జంతువు వల్ల మనుషుల ప్రాణానికి ప్రమాదంగాని తీవ్రమైన గాయంగాని కలగకుండా తగిన జాగ్రత్త తీసుకోని వ్యక్తికి 6 నెలల వరకు జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. మరోవైపు, అపార్ట్‌మెంట్ సంఘాలు పెంపుడు జంతువులను నిషేధించకూడదని, లిఫ్ట్ వాడకుండా అడ్డుకోకూడదని భారత జంతు సంక్షేమ మండలి 2015లో మార్గదర్శకాలు ఇచ్చింది. బహిరంగ స్థలాల్లో కుక్కకు లీష్ (చేత్తో పట్టుకునే పట్టీ) తగిలించి ఉంచాలని, మలవిసర్జన చేస్తే శుభ్రం చేయాలని యజమానులకు అందులోనే సూచించింది. మొదటి భాగాన్ని మాత్రమే పట్టుకొని సంఘంతో వాదనకు దిగేవారు రెండో భాగాన్ని కూడా చదవాలని నా మనవి.

సిద్ధం చేసుకోవలసినవి

• మెడపట్టీ. దానికి మీ ఫోన్ నంబరు చెక్కిన చిన్న బిళ్ల ఉండాలి. కుక్క పేరు కంటే నంబరు ముఖ్యం.

• ఛాతీ చుట్టూ తొడిగే హార్నెస్. లాగే అలవాటున్న కుక్కకు రొమ్ము ముందు భాగంలో కొక్కెం తగిలించే రకం మంచిది. అది లాగిన ప్రతిసారీ ఒళ్లు పక్కకు తిరుగుతుంది కనుక లాగుడు దానంతటదే తగ్గుతుంది.

• నాలుగు నుంచి ఆరు అడుగుల పొడవున్న నైలాన్ లేదా నూలు లీష్. మన ఇళ్లలో దీన్నే బెల్ట్ అంటారు.

• మూతికి తొడిగే బుట్టలాంటి చిక్కం. అందరికీ అవసరం లేదు. ఎవరికి అవసరమో కింద చెప్పాను.

• పాత వార్తాపత్రిక ముక్కలు, రెండు మూడు కవర్లు, ఒక నీళ్ల సీసా.

• చిటికెనవేలి గోరంత ముక్కలుగా తరిగిన తినుబండారం. ఉడికించిన చికెన్, పనీర్, క్యారట్ ఏదైనా సరే. చాక్లెట్, ద్రాక్ష, ఎండుద్రాక్ష, ఉల్లి కుక్కలకు విషం. వాటిని దరి చేరనివ్వకండి.

• రేబిస్ టీకా వేయించిన కార్డు ఫొటో, మీ ఫోన్‌లో.

బటన్ నొక్కితే పొడవు పెరిగి ముడుచుకునే లీష్‌ను రద్దీ వీధుల్లో వాడవద్దు. మీరు బటన్ నొక్కేలోపే కుక్క అయిదు మీటర్ల దూరంలో స్కూటర్ కింద ఉంటుంది. ఆ సన్నని తాడు ఎవరి కాలికైనా చుట్టుకుంటే చర్మం కోసుకుపోతుంది. ఇనుప గొలుసు బలమైనదే గాని, ఆపత్సమయంలో దాన్ని చేత్తో ఒడిసి పట్టుకోలేం. మెడ బిగిసే చోక్ గొలుసులు, ముళ్లపట్టీలు అసలే వద్దు. అవి కలిగించే నొప్పిని కుక్క తన లాగుడుతో కాక, ఆ క్షణంలో ఎదురుగా కనబడిన మనిషితో ముడిపెట్టుకోవచ్చు, అప్పుడు మనం ఆపాలనుకున్న కోపాన్ని మనమే నేర్పినవాళ్లమవుతాం.

1. ముందుగా టీకా, లైసెన్సు

కుక్కపిల్లకు మూడు నెలల వయసులో మొదటి రేబిస్ టీకా, తరువాత పశువైద్యులు చెప్పిన తేదీకి బూస్టర్, ఆపైన ప్రతి ఏటా ఒకటి వేయించాలి. టీకాలు పూర్తికాని పిల్లను వీధిలో నేల మీద నడిపించవద్దు. చేతుల్లో ఎత్తుకొని తిప్పితే శబ్దాలు, మనుషులు, వాహనాలు అలవాటవుతాయి. హైదరాబాద్ వంటి కార్పొరేషన్లలో పెంపుడు కుక్కకు లైసెన్సు తీసుకోవాలి, దానికి టీకా ధ్రువపత్రం అడుగుతారు. మీ ఊరి నిబంధన ఏమిటో మునిసిపల్ కార్యాలయంలోని పశువైద్య విభాగంలో కనుక్కోండి.

2. పట్టీ కొలత సరిచూడండి

ఈ అడుగు మీద నేను ఎక్కువసేపు నిలుస్తాను. నాలుగేళ్ల కిందట దీపావళి ముందురోజు సాయంత్రం మా కుక్కను బయటికి తీసుకెళ్లాను. పక్క సందులో ఎవరో లక్ష్మీబాంబు పేల్చారు. అది ఒక్కసారిగా వెనక్కి గుంజుకునేసరికి మెడపట్టీ చెవుల మీదుగా జారి నా చేతిలోనే మిగిలిపోయింది. అది పరుగెత్తి, ఎదురుగా సైకిల్ మీద పాలు తెస్తున్న ఒక పెద్దాయనకు అడ్డం పడింది. ఆయన మోచేయి చిట్లింది. పాలన్నీ రోడ్డు పాలయ్యాయి. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు గాని, ఆ తరువాత చాలాకాలం మా వీధిలోకి సైకిల్ మీద రాలేదు, సందు మొదట్లోనే దిగి నడిపించుకుంటూ వచ్చేవారు. నా కుక్క చెడ్డది కాదు. నేను పట్టీని రెండు నెలలుగా సరిచూడలేదు, అంతే.

సరిచూడడం ఇలా. మెడకూ పట్టీకీ మధ్య రెండు వేళ్లు దూరాలి. మూడో వేలు దూరితే వదులు, ఒక్కటే దూరితే బిగువు. తరువాత కుక్కకు ఎదురుగా కూర్చొని పట్టీని నెమ్మదిగా చెవుల వైపు లాగి చూడండి. చెవులు దాటి వస్తే ఆ కొలత పనికిరాదు. మన నాటు కుక్కలు, ముధోల్, రాజపాళయం వంటి వేటకుక్కల తల సన్నగా ఉంటుంది కనుక మామూలు పట్టీ వాటికి ఇట్టే జారుతుంది. లాగినప్పుడు కొద్దిగా మాత్రమే బిగిసి అక్కడితో ఆగే మార్టింగేల్ పట్టీ గాని, హార్నెస్ గాని వాటికి మేలు. బెదురు ఎక్కువగా ఉన్న కుక్కకు హార్నెస్‌కు ఒక లీష్, మెడపట్టీకి ఒక లీష్, రెండూ వేయండి. కొక్కెం స్ప్రింగు, కుట్లు, బకిల్ నెలకోసారి చూడండి. ఉప్పుగాలి తగిలే విశాఖ, కాకినాడ వంటి ఊళ్లలో కొక్కేలు త్వరగా తుప్పు పడతాయి.

3. లీష్ పట్టుకునే తీరు నేర్చుకోండి

లీష్ చివరి ఉంగరంలో కుడిచేతి బొటనవేలు దూర్చి, మిగిలిన పట్టీని అరచేతిలో మడత వేసి పిడికిలి మూయండి. ఎడమచేయి మధ్యలో పట్టుకొని పొడవు పెంచుతూ తగ్గిస్తూ ఉంటుంది. మణికట్టుకు చుట్టుకోవడం, వేళ్లకు మెలేసుకోవడం చాలామంది చేసే పొరపాటు. కుక్క ఒక్క ఉదుటున లాగితే వేలు విరుగుతుంది, లేదా మనిషే బోర్లా పడతాడు. పడకుండా ఉండాలంటే కుక్క లాగినప్పుడు చేతిని బొడ్డు దగ్గరికి తెచ్చుకొని, మోకాళ్లు కొద్దిగా వంచి నిలబడండి.

లాగితే మీరు ఆపలేని కుక్కను ఒంటరిగా బయటికి తీసుకెళ్లవద్దు. పదేళ్ల పిల్లవాడి చేతికి జర్మన్ షెపర్డ్ లీష్ ఇచ్చి పంపడం, వాచ్‌మన్‌కో పనిమనిషికో ఏమీ చెప్పకుండా అప్పగించడం కూడా ఇలాంటివే. వేరేవాళ్లు తీసుకెళ్లక తప్పకపోతే ఈ అడుగులన్నీ వారితో మీ ముందు మూడు రోజులు చేయించాలి. కుక్క మీదైనప్పుడు, లీష్ ఎవరి చేతిలో ఉన్నా జవాబు చెప్పవలసింది మీరే.

4. ఇంట్లో మూడు మాటలు నేర్పండి

వీధిలో నేర్పబోతే కుక్కకు మీ మాట వినబడదు, అన్ని వాసనలు, శబ్దాలు ఉంటాయి. మొదట హాల్లో, తరువాత మేడ మీద, ఆ తరువాత మెట్ల దగ్గర నేర్పి, చివరిగా వీధిలోకి రండి. తెలుగులో చెప్పినా, ఇంగ్లిష్‌లో చెప్పినా ఒకటే గాని, ఇంట్లోవాళ్లందరూ ఒకే మాట వాడాలి.

పేరు: పేరు పిలవగానే మీ ముఖంలోకి చూస్తే వెంటనే ఒక ముక్క పెట్టండి. పేరు పిలిచి తిట్టవద్దు, పేరు పిలిచి స్నానానికి ఈడ్చుకెళ్లవద్దు. ఆ పేరే రేపు వీధిలో మీకు ఉన్న తాడు.

ఆగు: కూర్చోబెట్టి, ‘ఆగు’ అని ఒక అడుగు వెనక్కి వేసి, అది కదలకుంటే దగ్గరికి వచ్చి ముక్క ఇవ్వండి. ఒక అడుగు నుంచి పది అడుగులకు, రెండు సెకన్ల నుంచి అర నిమిషానికి మెల్లగా పెంచండి.

వదిలెయ్: మూసిన గుప్పిట్లో ముక్క పెట్టి చూపండి. నాకినా, గీరినా తెరవకండి. అది మానుకొని తల వెనక్కి తీయగానే ‘వదిలెయ్’ అని, రెండో చేత్తో వేరే ముక్క ఇవ్వండి. రోడ్డు మీద కోడి ఎముక గాని, ఎలుకలకు పెట్టిన మందు గాని కనబడినప్పుడు కుక్క ప్రాణం కాపాడేది ఈ మాటే.

రోజుకు రెండుసార్లు, అయిదేసి నిమిషాలు చాలు. అరగంట కూర్చోబెడితే కుక్కకూ మీకూ విసుగు పుడుతుంది.

5. చిక్కం ఎవరికి, ఎలా

ఇదివరకు ఒక్కసారైనా కరిచిన కుక్కకు, కొత్తవాళ్ల మీదికి పళ్లు చూపి ఉరికే కుక్కకు, నేల మీద దొరికినదల్లా మింగే కుక్కకు చిక్కం వేయాలి. అది శిక్ష కాదు. పంట మేయకుండా ఎద్దు మూతికి కట్టినట్టే ఇది కూడా ఒక జాగ్రత్త. అయితే గుడ్డతో చుట్టి బిగించే రకం నడకకు పనికిరాదు. కుక్క ఒంటి వేడిని ముఖ్యంగా నోరు తెరిచి రొప్పడం ద్వారానే తగ్గించుకుంటుంది. నోరు మూసేస్తే ఎండలో ప్రాణం మీదికి వస్తుంది. నోరు పూర్తిగా తెరవగలిగే, నీళ్లు తాగగలిగే బుట్ట రకమే కొనండి.

మొదటిరోజే తొడిగి బయటికి తీయవద్దు. రెండు మూడు రోజులు దాని అడుగున ముక్క పెట్టి, కుక్క తనంతట తానే మూతి దూర్చేటట్టు చేయండి. తరువాత ఒక్క క్షణం, ఆపై అర నిమిషం, ఆపై ఇంట్లో పది నిమిషాలు ఉంచి, పది రోజులకు వీధిలోకి తీసుకెళ్లండి. పగ్, షీట్జూ వంటి చప్పిడి ముక్కు కుక్కలకు మామూలు చిక్కం సరిపోదు. వాటి ముఖానికి తగినట్టు చేసినవి ఉంటాయి, పశువైద్యులను అడిగి కొనండి.

6. వేళ, దారి ఎంచుకోండి

స్కూలు బస్సులు వచ్చే వేళ, ఆటోలు పిల్లలను దించే వేళ మానుకోండి. గుడికి తలస్నానం చేసి వెళ్లేవారు, వజూ చేసుకొని నమాజుకు వెళ్లేవారు ఉదయపు సందుల్లో ఉంటారు; కుక్క మూతి తగిలితే వారు మళ్లీ ఇంటికి వెళ్లి శుద్ధి చేసుకోవలసి వస్తుందని గుర్తుంచుకొని దూరంగా నడవండి. హైదరాబాద్‌లోని కేబీఆర్ పార్కు జాతీయ ఉద్యానం కనుక లోపలికి కుక్కను తీసుకెళ్లకూడదు. లీష్ విప్పి పరుగెత్తించాలంటే కంచె ఉన్న స్థలం కావాలి; కొండాపూర్‌లో 2018లో కార్పొరేషన్ ప్రారంభించిన కుక్కల పార్కు వంటిది అందుబాటులో ఉంటే మంచిదే, లేకపోతే తలుపు వేసిన మేడ మీదో, ప్రహరీ ఉన్న తెలిసినవారి స్థలంలోనో ఆడించండి. చెరువుగట్టు, సముద్రపు ఒడ్డు ఖాళీగా ఉన్నట్టు కనబడినంత మాత్రాన కంచె ఉన్నట్టు కాదు.

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఆ రోజుల్లో తారురోడ్డు మీద చెప్పుల్లేని కాళ్లెలా ఉంటాయో ఆలోచించండి. అరచేతి వెనుక భాగాన్ని రోడ్డుకు ఆనించి ఏడు సెకన్లు ఉంచండి. మీరు ఉంచలేకపోతే కుక్క నడవలేదు. సూర్యుడు దిగిన తరువాత కూడా తారు చాలాసేపు వేడిగానే ఉంటుంది కనుక, వేసవిలో సాయంత్రం కంటే తెల్లవారుజామే మేలు. కాళ్లు మండుతున్న కుక్క చికాకుగా ఉంటుంది, చికాకుగా ఉన్న కుక్క మాట వినదు.

ఆడకుక్క ఎదకు వచ్చినప్పుడు దాదాపు మూడు వారాలు వీధికి దూరంగా ఉంచాలి. మేడ మీద, ఇంటి ఆవరణలో తిప్పండి. లేదంటే వీధిలోని మగకుక్కలన్నీ మీ గేటు దాకా వస్తాయి.

7. గుమ్మం నుంచి గేటు దాకా

ఎక్కువ గొడవలు వీధిలో కాదు, మెట్ల మలుపుల్లో, లిఫ్ట్ తలుపుల దగ్గర జరుగుతాయి. తలుపు తెరవకముందే లీష్ తగిలించాలి. తలుపు తెరిచాక మీరు ముందు బయటికి చూసి, ఎవరూ లేకుంటే కుక్కను పిలవాలి. మెట్ల మలుపు దగ్గర కుక్కను గోడవైపు ఉంచి, మనుషుల వైపు మీరు నడవాలి.

లిఫ్ట్‌లో ఎవరైనా ఉంటే ‘మీరు వెళ్లండి, మేం తరువాత వస్తాం’ అనండి. ఖాళీ లిఫ్ట్‌లో కుక్కను మూలకు పంపి దానికీ తలుపుకూ మధ్య మీరు నిలబడండి. మధ్యలో ఏ అంతస్తులోనైనా తలుపు తెరుచుకుంటే, బయటివారు అడుగు పెట్టకముందే కుక్క ఉందని చెప్పండి. ఒక హెచ్చరిక: తలుపు మూసుకునేలోపు కుక్కా, లీష్ అంతా లోపలికి వచ్చాయని కళ్లతో చూసి తీరాలి. లీష్ తలుపులో ఇరుక్కొని లిఫ్ట్ కదిలితే కుక్క మెడకు ఉరి పడుతుంది. ఫోన్ చూస్తూ లిఫ్ట్ ఎక్కవద్దని నేను ప్రతి ఒక్కరికీ చెప్పేది ఇందుకే.

8. వీధిలో నడక

లీష్ కొద్దిగా వేలాడుతూ, ఇంగ్లిష్ జె అక్షరంలా వంపు తిరిగి ఉండాలి. కుక్క లాగిన క్షణంలో ఆగిపోండి. వెనక్కి గుంజవద్దు, అరవవద్దు, చెట్టులా నిలబడండి. అది వెనుదిరిగి చూసి లీష్ వదులు కాగానే నడక సాగించండి. మొదటి వారంలో వంద గజాలు నడవడానికి పావుగంట పడుతుంది. ఇక్కడే చాలామంది ఓపిక పోగొట్టుకొని, రోజూ ఒకటి రెండుసార్లు లాగనిస్తారు, అప్పుడు కుక్క నేర్చుకునేది ఒకటే, ఇంకొంచెం గట్టిగా లాగితే పని జరుగుతుందని. ఆగినా ఫలితం లేకపోతే వెనక్కి తిరిగి నాలుగు అడుగులు వేసి మళ్లీ రండి.

మనుషులు ఎదురైనప్పుడు ఇరవై అడుగుల దూరంలోనే లీష్ పొట్టిగా పట్టుకొని, రోడ్డు అవతలి వైపుకు మారండి. సందు ఇరుకైతే ఒక గేటు పక్కన కుక్కను కూర్చోబెట్టి, ముక్కలు పెడుతూ వారు దాటేదాకా ఆగండి. ‘ఏమీ చేయదండీ’ అనడానికి బదులు ‘మీరు రండి, నేను పట్టుకున్నాను’ అనండి. మొదటి మాట మీ భయం తప్పు అని వారికి చెబుతుంది, రెండోది దారి వారికే ఇస్తుంది. చేతికర్ర ఉన్న వృద్ధులకు, గర్భిణులకు, పరుగెత్తే పిల్లలకు ఇంకా ఎక్కువ దూరం ఇవ్వాలి. ప్రేమతో మీద ఎగబడినా వృద్ధుల తుంటి ఎముక విరగడానికి అది చాలు.

పిల్లలు ముట్టుకుంటామని అడిగితే, మీ కుక్కకు ఇష్టం లేకుంటే కాదనడం తప్పు కాదు. ఇష్టమైతే, వారి పెద్దలు ఒప్పుకున్నాక, కుక్కను కూర్చోబెట్టి, తల మీద కాక ఛాతీ దగ్గర నిమరమని చెప్పండి. కుక్క ఒళ్లు బిగుసుకున్నా, పెదాలు నాక్కుంటున్నా, కనుగుడ్డు తెల్లభాగం కనబడేట్టు ఓరగా చూస్తున్నా వెంటనే దూరం జరపండి. తోక ఊపుతోంది కదా అనుకోవద్దు. తోక నిటారుగా, బిర్రుగా ఊగితే అది స్నేహం కాదు. గుర్రుమంటే కొట్టవద్దు. గుర్రు ఒక హెచ్చరిక. దాన్ని కొట్టి మాన్పిస్తే, మరుసటిసారి హెచ్చరించకుండానే కరుస్తుంది.

పల్లెలో అయితే మేకలు, కోళ్లు, దూడ ఉన్న ఆవు కనబడగానే మనుషుల విషయంలో చెప్పినట్టే దూరం జరపాలి. మేక మీద పంటిగాటు పడితే ఒక కుటుంబం సంపాదన పోతుంది.

9. వీధికుక్కలు ఎదురైతే

వాటికి అది సొంత పేట. పరాయి కుక్కను మనం తీసుకొస్తున్నాం. ఏ మలుపులో ఎన్ని ఉంటాయో, ఎవరు ఎప్పుడు అన్నం పెడతారో ముందుగా తెలుసుకొని ఆ వేళకు ఆ దారి మానుకోండి. ఎదురైతే పరుగెత్తవద్దు, కళ్లలోకి తేరిపార చూడవద్దు. మీ కుక్కను వెనక్కి తీసుకొని, వాటికీ దానికీ మధ్య మీరు నిలబడి, ‘పో’ అని గట్టిగా ఒక్కసారి అని, నెమ్మదిగా పక్కకు అడుగులు వేయండి. గుప్పెడు ముక్కలు వాటి వైపు దూరంగా విసిరితే చాలాసార్లు దారి దొరుకుతుంది. గొడుగు ఉంటే ఒక్కసారి టప్పున తెరవండి. కర్ర పట్టుకెళ్తే నేల మీద తట్టడానికే. కొట్టడం నేరం, పైగా కొట్టిన మనిషిని ఆ గుంపు రోజూ గుర్తుపడుతుంది.

చిన్న కుక్కను చేతుల్లోకి ఎత్తుకుంటే అవి మీ మీదికే ఎగురుతాయి. కారు బానెట్ మీదో, ఎత్తైన ప్రహరీ మీదో పెట్టే వీలుంటేనే ఎత్తండి. పోట్లాట మొదలైతే మధ్యలో చేయి పెట్టవద్దు, మీ కుక్క కూడా ఆ క్షణంలో మిమ్మల్ని గుర్తించదు. సీసాలోని నీళ్లు ముఖాల మీద చల్లండి, సంచి గాని దుప్పటి గాని విసరండి, పెద్ద శబ్దం చేయండి.

10. మలమూత్రాలు

కుక్క వంగగానే వార్తాపత్రిక ముక్కను కిందికి జరిపితే నేల కూడా పాడవదు. ఆలస్యమైతే కవరును చేతికి తొడుక్కొని ఎత్తి, కవరు తిరగేసి ముడి వేయండి. ఇంటికి తెచ్చి, మలాన్ని మరుగుదొడ్డిలో వేసి నీళ్లు పోయడం అన్నిటికంటే శుభ్రమైన పద్ధతి. పెరడు ఉన్నవారు కూరగాయల మడులకు దూరంగా గుంత తీసి పూడ్చవచ్చు. మురుగుకాలువలో పడేయడం, పొద్దున్నే ఊడ్చేవాళ్లు చూసుకుంటారులే అని వదిలేయడం సరికాదు. కుక్క మలంలో కొంకిపురుగుల, ఏలికపాముల గుడ్లు ఉంటాయి, ఉత్త కాళ్లతో ఆడే పిల్లలకు, చేతులతో చెత్త ఎత్తే కార్మికులకు అవే చేటు. పశువైద్యులు చెప్పిన గడువుకు నులిపురుగుల మందు కూడా తప్పక వేయాలి.

మూత్రం విషయంలో మనం ఇంకా అలసత్వంగా ఉంటాం. ధనుర్మాసంలో తెల్లవారకముందే లేచి వేసిన ముగ్గు మీద, ఇంటిముందు తులసికోట దగ్గర, పక్కింటివారి బండి చక్రం మీద కాలెత్తనివ్వకండి. మొదటి అయిదు నిమిషాలు ఖాళీ స్థలం వైపే తీసుకెళ్లి, అక్కడ కానిచ్చాకే ఇళ్ల ముందు నడిపిస్తే ఈ ఇబ్బంది చాలావరకు తీరుతుంది. అయినా జరిగితే నీళ్ల సీసా అందుకే ఉంది.

11. జారిపోతే

వెంటపడి తరమవద్దు, కుక్కకు అది ఆట, లేదా భయానికి మరింత భయం. పేరు ఒక్కసారి ఉత్సాహంగా పిలిచి, మీరు ఎదురు దిశలో నాలుగు అడుగులు పరుగెత్తి, కింద కూర్చోండి. దగ్గరికి వచ్చాక తిట్టకుండా లీష్ తగిలించండి. దారినపోయేవారికి ‘కుక్క జారిపోయింది, కదలకుండా నిలబడండి’ అని గట్టిగా చెప్పడం మరవకండి. దీపావళి వారంలో, వినాయక నిమజ్జనం డప్పులున్న రోజుల్లో పొద్దు ఉండగానే నడక ముగించి, రెండు లీష్‌లు వాడండి.

12. కరిస్తే

ముందుగా కుక్కను కట్టేసి, గాయపడిన వారి దగ్గరికి వెళ్లండి. గోరు గీతయినా సరే, ధారగా పడే నీళ్ల కింద సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. పసుపు, సున్నం, కారం, కాఫీపొడి అద్దవద్దు. వెంటనే ఆసుపత్రికి మీరే తీసుకెళ్లి, ఖర్చు మీరే భరించండి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో రేబిస్ టీకా వేస్తారు. హైదరాబాద్‌లో నారాయణగూడలోని ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో ఇందుకు ప్రత్యేక కేంద్రం ఉంది. బొడ్డు చుట్టూ 14 సూదులన్న కాలం పోయింది. ఇప్పుడు చేతికే వేస్తారు. కండకు వేసే పద్ధతిలో 0, 3, 7, 14, 28 రోజుల్లో అయిదు మోతాదులు. చర్మం చిట్లి నెత్తురు వచ్చిన గాయమైతే దాని చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్ (రేబిస్ క్రిమిని అక్కడికక్కడే అడ్డుకునే మందు) కూడా వేయవలసి ఉంటుంది.

‘మా కుక్కకు టీకాలున్నాయి, మీకు అక్కర్లేదు’ అని మీరు నిర్ణయించకండి. టీకా కార్డు వైద్యుడికి చూపించండి, నిర్ణయం ఆయనది. కుక్కను 10 రోజులు ఇంట్లోనే ఉంచి గమనించాలి. ఆ పది రోజులు అయ్యాక చూద్దామని చికిత్స మాత్రం వాయిదా వేయకూడదు, రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మనిషిని బతికించడం దాదాపు అసాధ్యం.

తరచుగా జరిగే మరికొన్ని పొరపాట్లు

స్కూటీ మీద కూర్చొని కుక్కను పక్కన పరుగెత్తించడం మన ఊళ్లలో మామూలైపోయింది. అది కుక్కకు, మీకు, వెనుక వచ్చే బండికి ముగ్గురికీ ప్రమాదం. రోజంతా పొట్టి గొలుసుతో కట్టేసి, పది నిమిషాలు బయటికి తీసి బుద్ధిగా నడవమంటే ఏ కుక్కా నడవదు; చాలాసేపు పొట్టి గొలుసుతో కట్టి ఉంచడం 1960 నాటి జంతు హింసా నివారణ చట్టం 11వ సెక్షన్ ప్రకారం నేరం కూడా. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటే వెనుక వచ్చే పిల్లవాడి సైకిల్ గంట మీకు వినబడదు, కుక్కకు వినబడుతుంది. రెండు పెద్ద కుక్కలను ఒకరే తీసుకెళ్లడం, రెండూ విడివిడిగా మాట వినేదాకా వద్దు.

ఫలితం సరిచూసుకోవడం

మూడు వారాల సాధన తరువాత ఈ పరీక్షలు పెట్టండి. ఇంటి నుంచి వంద అడుగులు నడిచి, లీష్ ఎన్నిసార్లు బిగిసిందో లెక్కపెట్టండి. మొదటి రోజు లెక్కతో పోల్చండి. వీధిలో పేరు పదిసార్లు పిలిస్తే ఎనిమిదిసార్లయినా తల తిప్పాలి. పదిహేను అడుగుల దూరంలో మనిషి దాటుతుంటే కూర్చున్నది లేవకూడదు. నేల మీద పడేసిన బిస్కెట్‌ను ‘వదిలెయ్’ అన్నాక దాటి రావాలి. వీటిలో ఏది తప్పినా, కుక్క మనసు మళ్లించేదాని నుంచి దూరం రెట్టింపు చేసి ఆ ఒక్క అంశాన్ని మరో వారం చేయండి. అన్నీ మొదటి నుంచి మొదలుపెట్టనక్కర్లేదు. కొత్తవారి మీదికి ఉరకడం మూడు వారాల తరువాత కూడా తగ్గకపోతే, పశువైద్యుడికి చూపించి నొప్పి, థైరాయిడ్ వంటివి లేవని తేల్చుకున్నాక, కొట్టకుండా నేర్పే శిక్షకుడిని వెతకండి.

చివరి పరీక్ష మీ వీధిలోనే ఉంది. కుక్కంటే భయపడే పొరుగువారు ఒకరు ఉంటారు కదా, వారినే నేరుగా అడగండి: ‘మేం వస్తున్నప్పుడు మీరు ఇంకా గేటు వెనక్కి వెళ్లవలసి వస్తోందా?’ వస్తోందంటే, ఎక్కడ, ఏ వేళకు అని అడిగి, మీ దారిని మార్చుకొని, నెల తరువాత మళ్లీ అడగండి.